ఎముకల గుడిలో జుల్మీరా జడ

మొన్ఫార్దల్,
మార్చి 1973.

ప్రియమైన అత్తయ్యకి,

మీ దీవెన కోరుతూ జుల్మీరా రాస్తున్నది.

ఒతీలియా వదినా, ముందు నీకొక మాట. ఈ ఉత్తరం అత్తయ్యకి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అలసటలో చదివి వినిపించకు. ఆదివారం పూజ అయ్యాక, ఆమె వాకిట్లో ఎండకి కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు చదువు. నెమ్మదిగా చదువు. ఆమె ఆపమంటే ఆపు. నొచ్చుకుంటుందేమోనని మధ్యలో మాటలు మార్చే అలవాటు నీకుంది. ఈసారి మాత్రం మార్చకు.

అత్తయ్యా, ఈ ఏడు చలికాలమంతా వానలే. ఆలివ్ తోటల్లో నీళ్లు నిలిచిపోయాయి. గుడి వెనకగోడకి చెమ్మ దిగి సున్నం ఉబ్బింది. ఒకరోజు పొద్దున్నే తాళం తీసి లోపలికి వెళ్లేసరికి బలిపీఠానికి ఎడమపక్క, మన ఊరి పాతవాళ్ల ఎముకలతో పేర్చిన స్తంభం నడుము దగ్గర జారిపోయి ఉంది. ఎముకలు నేలంతా పరుచుకున్నాయి. పొడుగాటి తొడ ఎముకలు ఒకదాని మీద ఒకటి, వాటి మధ్య పుర్రెలు పక్కకి ఒత్తిగిల్లి. నాకు భయం వేయలేదు. నిద్రలో దుప్పట్లు తన్నేసిన పిల్లల్లాగా కనిపించారు. కిటికీలోంచి పడే వెలుగులో వాళ్ల రంగు బాగా కాలిన రొట్టె పైపెచ్చులా ఉంది. నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఒళ్లోకి తీసుకుని, తుడిచి, కంబళి మీద పడుకోబెట్టాను.

ఫాదరుగారు బోర్బా నుంచి ఒక తాపీమేస్త్రిని పిలిపించారు. పేరు బాల్తజార్. నలభైకి దగ్గరపడ్డ మనిషి. కుర్రతనంలో చలువరాతి గనిలో పనిచేస్తుంటే పేలుడు మరీ దగ్గరగా జరిగి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి కూడా గట్టిగా చెబితేనే వినపడుతుంది.

నేను ఆ గుడిలో ఎలా మాట్లాడతానో మీకు తెలుసు. గుడి బాగోగులు చూసే ముసలి సాక్రిస్టన్ పోయాక తాళంచెవులు నా చేతికొచ్చిన రోజు నుంచీ గుసగుసే. అసలు అక్కడే కాదు, ఇంట్లో కూడా నా గొంతు అలాగే అయిపోయింది. మొదటిరోజు ఆయన పరంజా మీదెక్కి చెయ్యి చాపితే, "ఇది కింది వరసలోది" అన్నాను. వినపడలేదు. మళ్లీ అన్నాను. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగాడు. చివరికి అరిచాను అత్తయ్యా. నా అరుపు ఆ గోడల మీద, ఆ కళ్లగుంతల మీద తిరిగి తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. నాకు ఇంత గొంతు ఉందా అని నేనే ఆశ్చర్యపోయాను.

అప్పటి నుంచి రోజూ అదే పని. ఆయన పైనుంచి తాపీతో సున్నం పరుస్తాడు. నేను కింద నుంచి ఎముక అందిస్తాను. ఆయన అందుకుని, కాసేపు అరచేతిలో పెట్టుకుని, ఎటు తిప్పితే బాగా కూర్చుంటుందో చూసి గోడలో పెడతాడు. ఆ చేతుల్లో తొందర ఉండదు. నిద్రపోతున్నవాళ్ల తల కింద దిండు సర్దినట్టు పెడతాడు. పైగా ఒక్కొక్కరికీ ఒక పేరు.

"ఆ పళ్లు లేని తాతని ఇలా ఇవ్వండి. కిటికీ వైపు పెడతాను. చలికాలం కాస్త ఎండ తగులుతుంది."

"అలా ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఎవరి చోటు వాళ్లది" అన్నాను, అరుస్తూనే.

"వాళ్లు మీతో చెప్పారా?"

నేను నవ్వాను. ఆ గుడిలో నవ్వాను అత్తయ్యా. నవ్వాక చప్పున నోరు మూసుకుని చుట్టూ చూశాను. గోడల నిండా అందరూ ఎప్పట్లాగే పళ్లు కనిపించేలా ఉన్నారు. నా నవ్వుకి ఎవరూ కోపం తెచ్చుకున్నట్టు లేరు.

మీ దగ్గర దాచడం నాకు రాదు. ఇక చెప్పేస్తాను.

పోయిన గురువారం మధ్యాహ్నం గుడి మెట్ల మీద కూర్చుని భోంచేస్తున్నాం. వెల్లుల్లి, కొత్తిమీర నూరి పోసిన రొట్టెచారు చేసి తీసుకెళ్లాను. ఆయన గిన్నె పక్కన పెట్టి, ఈ స్తంభం పూర్తయితే తనకి ఇక్కడ పని ఉండదని, పని లేకుండా రోజూ రావడానికి దారేమైనా ఉందా అని అడిగాడు. గుడి అందరిదీ, ఎప్పుడైనా రావచ్చు అన్నాను. "గుడి కోసం కాదు. మీకిష్టమైతే పెళ్లి చేసుకుందాం" అన్నాడు. చెవుడున్నవాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. చౌకు అవతల కూరగాయలు కొంటున్న ఆడవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కానీ నిజం చెప్పాలంటే, అత్తయ్యా, దిగిపోవాలన్న ఆ కోరిక కింద ఇంకేదో వెచ్చగా ఉంది.

చప్పున లేచి గిన్నెలు తీసుకుని లోపలికి వచ్చేశాను. అవునని ఎలా చెబుతాను? నా జడ ఆ గోడకి వేలాడుతోంది.

మన ఊరి పెళ్లికూతుళ్లందరిలాగే నేనూ పెళ్లికి ముందు జడ కోయించుకుని ఆ గుడి గుమ్మం పక్కన కట్టాను. కోసింది మీరే. కొసకి మీ అబ్బాయి కుస్తోదియో గళ్ల చొక్కా పీలిక ముడేసింది కూడా మీరే. అతను గినీ యుద్ధం నుంచి సెలవు మీద వస్తాడు, వచ్చిన ఆదివారమే పెళ్లి అనుకున్నాం. అతను రాలేదు. నది దాటుతుంటే పడవ మునిగిందని, మనిషి దొరకలేదని కబురొచ్చింది. జుట్టు మళ్లీ పెరిగింది. నల్లబట్టలు ఒంటికి అలవాటయ్యాయి. కానీ నాలో సగం ఆ గోడకే ఉండిపోయిందని నాకెప్పుడూ అనిపిస్తుంది. వేలాడదీసిన జడ ఆడదాన్ని ఆ పెళ్లికి కట్టేస్తుందని మనవాళ్లు అనేది మీకు తెలియనిది కాదు.

మొన్న ఒక కల వచ్చింది. మధ్యాహ్నం బాల్తజార్ సున్నం తేవడానికి వెళ్లినప్పుడు స్తంభానికి ఆనుకుని కన్ను మూశాను. గోడలు మెల్లగా ఊపిరి తీస్తున్నాయి. పొద్దున్నే పిండి పొంగినట్టు పైకి లేస్తున్నాయి, తగ్గుతున్నాయి. గుమ్మంలోంచి కుస్తోదియో వచ్చాడు. కాళ్లకి జోళ్లు లేవు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. నడిచిన చోటల్లా నీటి మరకలు. గోడ పొడుగునా తన కోసం వెతుక్కుంటున్నట్టు వేలితో తడుముతూ వచ్చాడు. అతను అప్పటిలాగే ఉన్నాడు అత్తయ్యా, మీసం కూడా సరిగా రాని పిల్లవాడు. నా ఎదురుగా ఆగాడు. ఎంతో మర్యాదగా తల వంచి అడిగాడు.

"అమ్మా, జుల్మీరా అని ఒక అమ్మాయి ఇక్కడే ఎదురుచూస్తానంది. మీరేమైనా చూశారా?"

నన్ను గుర్తుపట్టలేదు. ముప్పై దాటిన నల్లబట్టల ఆవిడ అతనికెవరు? "ఇప్పుడే బయటికెళ్లింది బాబూ" అన్నాను. మంచిదని తల ఊపి, నవ్వి, వెళ్లిపోయాడు. లేచి చూస్తే నేల పొడిగానే ఉంది. నా మొహమే తడిసి ఉంది.

నేను ఎందుకలా చెప్పానో నాకు తెలియదు. అది నిజమో అబద్ధమో కూడా తెలియదు. మీరు చెప్పండి. మీరు వద్దంటే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుంది. నేనెప్పుడూ మీ కోడలినే.

మీ ఉత్తరం కోసం చూస్తూ,
మీ
జుల్మీరా

~

మొన్ఫార్దల్,
ఏప్రిల్ 1973.

ప్రియమైన అత్తయ్యకి,

మీ దగ్గర నుంచి జవాబు రాలేదు. తపాలా మనిషి మన వీధి మలుపు తిరిగినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చాను. రాను రాను ఆయనే నన్ను చూడకుండా తల దించుకుని పోతున్నాడు. మీ మౌనం నాకు అర్థమైందనుకున్నాను. మీకు కోపం వచ్చి ఉంటే అది న్యాయమే. కానీ ఈ ఉత్తరం మిమ్మల్ని బతిమాలడానికి కాదు. ఆ మాట ముగిసిపోయింది. ఎలా ముగిసిందో చెప్పకపోతే మీ దగ్గర దాచినట్టవుతుందని రాస్తున్నాను.

ఈస్టర్ వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ గుడికి వెళ్లాను. నా జడ దింపుదామని. దింపి పెళ్లి చేసుకుందామని కాదు. దాన్ని తీసుకుని సెతూబల్ బస్సెక్కి మీ ఒళ్లో పెట్టి, ఇదిగో, దీన్ని ఏం చేయమంటారో మీరే చెప్పండి అని అడుగుదామనుకున్నాను. మీరు ముడేసినది మీరే విప్పాలనో, ఇంకా బిగించాలనో.

ఇన్నేళ్లూ ఆ గుడి ఊడ్చాను, దీపాలు తుడిచాను, ఆత్మల పండుగకి గోడలకి ఈకల కుంచెతో దుమ్ము దులిపాను. కానీ గుమ్మం పక్క ఆ మూల వైపు మాత్రం ఒక్కసారి కూడా కళ్లెత్తలేదు. తల వంచుకుని దాటేదాన్ని. అక్కడ ఉంది అన్న ఎరుకే చాలనిపించేది.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. లోపల చల్లగా, బయట ఎండ తెల్లగా. తలుపు సందులోంచి వచ్చే వెలుగులో సున్నపు ధూళి నిదానంగా తేలుతోంది, నీటి అడుగున ఉన్నట్టుంది. జడలన్నీ ఒకే రంగుకి తిరిగాయి అత్తయ్యా. నల్లవి, రాగివి, తేనెరంగువి ఏవీ లేవు. అన్నీ ఎండుగడ్డి రంగు. మా అమ్మమ్మల కాలం నాటివి, నా ఈడువాళ్లవి అన్నీ అక్కచెల్లెళ్ల జడల్లా అయిపోయాయి. ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టుకుని కొస చూశాను. ఒకదానికి నీలం రిబ్బను, ఒకదానికి దారం, ఒకదానికి చిన్న శిలువ. గళ్ల చొక్కా పీలిక దేనికీ లేదు. మళ్లీ మొదటి నుంచి చూశాను. నేను కట్టిన మేకు నాకు గుర్తుంది, కొంచెం వంకర మేకు. అది అక్కడే ఉంది. దానికి ఏమీ లేదు.

నిచ్చెన మీద ఎంతసేపు నిలబడ్డానో.  తర్వాత ఒకటే అనిపించింది. కలలో వచ్చినతను వట్టి చేతులతో పోలేదు. నేను లేనని చెబితే, నాకు బదులుగా దాన్ని తీసుకుపోయాడు. మీకు ఇది పిచ్చిమాటలా ఉండొచ్చు. ఆ మధ్యాహ్నం ఆ వెలుగులో అది పిచ్చి అనిపించలేదు. గోడకి కట్టిన జడనైతే దింపుకోగలను. నది అడుగుకి తీసుకుపోయినదాన్ని ఎలా తెచ్చుకోను?

సాయంత్రం బాల్తజార్ వస్తే కుదరదని చెప్పాను. జడ సంగతి కూడా చెప్పాను. ఆయన చేతులకి అంటిన సున్నం గోకుతూ విన్నాడు.

"ఆ జడ నాకెందుకు? నేను దాన్ని చేసుకుంటానన్నానా?"

"మీకు అర్థం కాదు" అన్నాను.

"అర్థం కాకపోవడం కాదు. మీరు కాదన్నది నాకు సరిగ్గా వినపడలేదు. అన్నీ నాతో గట్టిగానే చెబుతారు కదా, ఇది కూడా అలాగే చెప్పండి. చెబితే రేపు పొద్దున్నే సామాను సర్దుకుంటాను."

గట్టిగా చెప్పాలని నోరు తెరిచాను. గొంతులోంచి ఊపిరి వచ్చింది గాని మాట రాలేదు. ఆయన కొంచెంసేపు చూసి, సున్నం ఆరేదాకా ఎలాగూ ఉండాలి అని, తాపీ కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. నన్ను నొప్పించేలా ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

స్తంభం పూర్తయింది. ఎక్కడ విరిగిందో ఇప్పుడు నాకే కనిపించదు. ఆయన బహుశా వచ్చే వారం వెళతాడు. వదినా, మీ సార్డిన్ల ఫ్యాక్టరీలో మనిషి కావాలంటే నన్ను పిలువు. చేపలు కోయడం నేర్చుకుంటాను. గుడి తాళాలు ఫాదరుగారికి ఇచ్చేస్తాను. అత్తయ్యకి వండిపెడుతూ, ఆమె పక్కనే ఉంటాను. నాకు ఇంతకన్నా ఏం కావాలో ఇప్పుడు తెలియడం లేదు.

మీ
జుల్మీరా

~

సెతూబల్,
ఏప్రిల్ నెలాఖరు.

అమ్మాయ్ జుల్మీరా,

నీకు వెయ్యి ముద్దులు. నేను చెబుతున్నా, ఒతీలియా రాస్తోంది. నేనన్నది అన్నట్టు రాయమని దానిచేత ఒట్టు పెట్టించుకున్నా. రాసింది మళ్లీ చదివించుకుంటా కూడా.

ముందు జవాబెందుకు రాలేదో చెప్తా. కోపం కాదు. నీ మొదటి ఉత్తరం విన్నాక నాకు నోరు పెగల్లేదు. వాడు కలలోకి నీ దగ్గరికొచ్చాడు, నా దగ్గరికి ఒక్కసారి రాలేదు. తల్లిని కదా, అది మింగడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. రెండో ఉత్తరం వచ్చింది. ఇంక మింగుతూ కూర్చుంటే నువ్వు ఈ చేపకంపులోకొచ్చి పడతావని చెప్పిస్తున్నా.

నీ జడ నది అడుక్కీ పోలేదు, ఎక్కడికీ పోలేదు. నేను తీశాను.

నీకు గుర్తుందో లేదో, వాడి కబురొచ్చిన మరుసటేడు, పాతిపెట్టి ఏళ్లు నిండాయని, మీ మావయ్య ఎముకల్ని మట్టిలోంచి ఎత్తే వంతు వచ్చింది. నువ్వప్పుడు జ్వరంతో మంచం మీదున్నావు. నిన్ను పిలవలేదు. ఎముకలన్నీ నేనే ఎత్తా. వైన్‌తో కడిగా, ఎండలో ఆరబెట్టా, నా పెళ్లినాటి నారదుప్పటిలో చుట్టి పెట్టెలో పెట్టా. చిన్న పెట్టె. పెద్ద మనిషి, ఎంత చిన్న పెట్టెలో సరిపోయాడో. సరిపోయాక ఒక పక్కన కాస్త చోటు మిగిలింది. మూత పట్టుకుని కూర్చున్నా. మూయలేకపోయా. ఆ చోటు నా కొడుకుది. ఎప్పటికైనా తండ్రీకొడుకులు ఒక్క పెట్టెలో ఉండాల్సినవాళ్లు. వాడి వేలి ఎముకైనా నా దగ్గర లేదు. వాడు వేసుకున్న బట్ట కూడా ఇంట్లో మిగల్లేదు, అంతా పంచేశాం. వాడి ఒంటికి తగిలిన గుడ్డ ఈ లోకంలో ఎక్కడుందా అని ఆలోచిస్తే నీ జడ కొసన ఉంది.

ముసలి సాక్రిస్టన్ని తాళం అడిగి తెచ్చా. ఆయన ఏమిటని అడగలేదు. జడ దింపి, పీలికతో సహా మీ మావయ్య రొమ్ము ఎముకల మీద పెట్టి మూత వేశా. పెట్టెని శ్మశానం గోడ గూట్లో పెట్టించి సిమెంటు పూయించా.

తప్పు చేశానంటావా? అను, పడతా. నేను మాత్రం అనుకోను. నీతో ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు పోయి ఆ పెట్టె పక్కనే కూర్చుంటావని. గోడకి ఉందనుకుంటే కొన్నాళ్లకి మర్చిపోతుందిలే అనుకున్నా. నువ్వు మర్చిపోయే పిల్లవి కాదని తెలుసుకోలేకపోయా. ఇన్నేళ్లూ ఒక వట్టి మేకుకి కాపలా కాశావు నా తల్లీ. చెప్పకపోవడం ఒకటే నాకు బాధ.

(అమ్మ ఇక్కడ ఆగింది. వీధిలో పిల్లుల్ని చూస్తోంది. ఇది నేనే రాస్తున్నాను, చెప్పకు. - ఒ.)

ఇప్పుడు నేను చెప్పేది విను. వాడు నిన్ను పెళ్లాడాడు. ఫాదరు లేడు, ఉంగరాలు లేవు, కానీ నీ జుట్టూ వాడి బట్టా ఒక్కచోట పడుకున్నాయి, వాడి తండ్రి గుండెల మీద. అంతకన్నా పెళ్లేంటి? వాడికి రావాల్సింది వాడికొచ్చేసింది. ఇంక నువ్వు ఎదురుచూసే పెళ్లికూతురివి కాదు. ఎదురుచూపులకి అంతుండదు. నువ్వు విధవవి, నాలాగా. విధవలకి ఏడుపు ఉంటుంది, తర్వాత దాని గడువు తీరుతుంది. నేను నీ అత్తని, గడువు తీరిందని నేను చెప్తున్నా. చౌకులో ఆడవాళ్లు ఏమన్నా అంటే హెర్మీనియా చెప్పిందని చెప్పు. ఇంకా అంటే, శనివారం బస్సుకి నేనే వస్తున్నా, నా మొహం మీద అనమను.

అవును, వస్తున్నా. ఒతీలియా సెలవు పెట్టింది. ఆ బాల్తజార్ని బస్సు దగ్గరికి పంపు. కుడిపక్క నిలబడి మాట్లాడకూడదని గుర్తుపెట్టుకుంటాలే. తిట్టడానిక్కాదు. నిద్రపోతున్నవాళ్ల తలకింద దిండు సర్దినట్టు సర్దుతాడని రాశావే, ఆ చేతులు ఒకసారి చూడాలి. చూశాక పెళ్లిరోజు నేనే పెడతా. జుట్టు కొయ్యనిచ్చేది లేదు. నల్లబట్టలు విప్పి సిద్ధంగా ఉండు. రంగుబట్టలు లేవంటావు, తెలుసు, అందుకే ఒతీలియా ఆకుపచ్చది ఒకటి తెస్తోంది.

కలలో వాడికి నువ్వు చెప్పింది అబద్ధం కాదు. ఆ పిల్ల నిజంగానే బయటికెళ్లింది. మంచిదని వాడు తలూపాడన్నావే, వాడు చిన్నప్పట్నుంచీ అంతే, అడిగిందానికి జవాబు దొరికితే చాలు, మారాం చేసేవాడు కాదు.

ఒక్కటే నీ దగ్గర మాట తీసుకుంటా. ఇంతకాలం అడగలేదు, ఇప్పుడడుగుతున్నా. నేనూ పోతాను. మన ఊరి మట్టిలోనే పెట్టిస్తారు. కొన్నేళ్లకి నన్నూ ఎత్తే రోజొస్తుంది. ఒతీలియాకి ఆ పని చేతకాదు, మట్టి తవ్వగానే కళ్లు తిరిగి పడిపోతుంది. అది ఇప్పుడు రాస్తూ కూడా ఒప్పుకుంటోంది. ఆ రోజు నువ్వు రావాలి. అప్పటికి నువ్వు బాల్తజార్ పెళ్లానివై ఉంటావు, ముగ్గురు పిల్లల తల్లివై ఉంటావు, ఎక్కడో బోర్బాలో ఉంటావు. ఉండు. కానీ నా ఎముకలు నువ్వే కడగాలి. ఎవరికీ ఇవ్వకు. మోకాలి దగ్గర కొంచెం నెమ్మదిగా తుడువు, అక్కడ నాకు ఎప్పట్నుంచో నొప్పి.

నీ అత్త,
హెర్మీనియా
(అమ్మ తన చేత్తో పెట్టిన శిలువ గుర్తు: ✕)